ఊదారంగు గుడ్డ కింది ముఖం

1760ల చివర్లో ఎడో (నేటి టోక్యో) నగరంలో అచ్చయిన రెండు రంగుల బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూస్తే కాసేపు తికమక తప్పదు. రెండింటిలోనూ సన్నని నడుము, నేలకు జారే కిమోనో అంచు, గీత గీసినట్టున్న కళ్లు, చిటికెడు నోరు. ఒకటి కాసమోరి గుడి ముందు టీకొట్టులో పనిచేస్తూ ఊరంతా పేరు తెచ్చుకున్న ఓసెన్. రెండోది కబుకి రంగస్థలం మీద ఆడవేషం కట్టిన మగ నటుడు. ముఖాల్లో తేడా లేదు. రెండో బొమ్మలో మాత్రం నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట, చిన్న ఊదారంగు పట్టుగుడ్డ ఉంటుంది.

ఆ గుడ్డ వెనుక ప్రభుత్వ ఆజ్ఞల చరిత్ర ఉంది. కబుకిని మొదలుపెట్టింది ఒక స్త్రీ. ఇజుమో నో ఒకుని 1603 ప్రాంతంలో క్యోటోలో కామో నది ఒడ్డున ఆడి చూపించింది. నాటకానికి వేశ్యావాటిక తోడైందన్న కారణంతో 1629లో ఆడవాళ్లను రంగస్థలం నుంచి వెళ్లగొట్టారు. వాళ్ల స్థానంలోకి ముంగురులున్న కుర్రాళ్లొచ్చారు. వాళ్ల కోసమూ కత్తులు దూసుకోవడం మొదలయ్యాక 1652లో వాళ్లనూ నిషేధించారు. మరుసటేడు మళ్లీ ఆడుకోమన్నారు గానీ ఒక షరతు పెట్టారు: నటుడన్నవాడు ముందు జుట్టు గొరిగించుకుని, పెద్ద మగాడిలా కనిపించాలి. అందం అంతా ముంగురుల్లోనే ఉందని నమ్మిన లోకంలో ఇది చిన్న శిక్ష కాదు. ఆడవేషగాళ్లు ఆ గొరిగిన చోటును గుడ్డతో కప్పారు. తర్వాత మంచి విగ్గులు వచ్చినా గుడ్డ పోలేదు. బట్టతలను దాచడానికి పుట్టినది వృత్తికి గుర్తుగా నిలబడిపోయింది.

ఈ గుర్తుకూ ఒక ఇబ్బంది ఉంది. ఆనాటి ఊదారంగును తరచు కుసుంబా ఎరుపుకు ఒకానొక పూల నీలం కలిపి చేసేవారు. ఆ నీలం వెలుతురుకు ఆగదు. ఇవాళ మ్యూజియంలో కనిపించే చాలా బొమ్మల్లో అది మట్టిరంగుకు దిగిపోయింది. ముఖం దగ్గర ఎవరు ఆడమనిషో, ఎవరు ఆడవేషమో చెప్పే ఒకే ఒక్క ఆధారం రంగు వెలిసిపోయి, కళ్లెదుటే ఉన్నా కంటికి ఆనదు.

ఒన్నగత అని పిలిచే ఈ ఆడవేషగాళ్ల బొమ్మల గురించి రాసేవాళ్లలో చాలామంది మొదటి వాక్యంలోనే, చూసేవాళ్లు వాళ్లను నిజంగా స్త్రీలనే భ్రమపడేవారని రాసేస్తారు. నాకు అది నమ్మబుద్ధి కాదు. భ్రమపడ్డవాడు నటుడి పేరు, వంశ చిహ్నం ముద్రించిన బొమ్మను డబ్బు పెట్టి కొనడు. కొన్నవాడికి లోపలున్నది ఎవరో తెలుసు. తెలిసే కొన్నాడు. కాబట్టి ఈ చిత్రకళను అంచనా వేయడానికి అసలు ప్రశ్న వేరు: పాత్ర ముఖానికీ నటుడి ముఖానికీ మధ్య చిత్రకారుడు ఎక్కడ గీత గీశాడు? మూడు వందల ఏళ్లుగా ఆ గీత జరుగుతూనే ఉంది.

మొదట్లో నటుడి ముఖం అసలు లేదు. ఎడోలో నాటకాల బొమ్మలకు ఒరవడి పెట్టింది తోరీ వంశం. ఆ వంశానికి మూలపురుషుడు తోరీ కియోమోతో ఒసాకాలో స్వయంగా ఆడవేషాలు కట్టేవాడు, నాటకశాలలకు బోర్డులు కూడా రాసేవాడు. 1687లో కొడుకు కియోనోబును తీసుకుని ఎడోకు వలస వచ్చాడు. వీరావేశంతో ఊగే మగ పాత్రలకు సొరకాయ పిక్కలు, వానపాముల్లా మెలితిరిగే గీతలు అన్న శైలిని కియోనోబు తయారుచేశాడు. ఆడవేషాల దగ్గరికొచ్చేసరికి ఆ గీతే మెత్తబడి, వంపు తిరుగుతుంది. ముఖం మాత్రం అందరికీ ఒక్కటే. తండ్రి ఆడవేషగాడైన ఇంట్లో పుట్టినవాడు కూడా ముఖాన్ని పట్టించుకోలేదంటే, ఆ రోజుల్లో కొనేవాడికి కావలసింది అది కాదనే అర్థం చేసుకోవాలి. చేతి మీది వంశ చిహ్నం చూసి పేరు పోల్చుకుంటే చాలు.

ఆ కాలపు ఆదర్శాన్ని మాటల్లో పెట్టినవాడు యోషిజావా అయమే. 1673లో పుట్టి 1729లో పోయిన ఈ నటుడి సలహాలు రాతలో మిగిలాయి. ఆడవేషం కట్టేవాడు ఇంట్లోనూ ఆడదానిలాగే మెలగాలని, ఎవరైనా భార్య సంగతెత్తితే సిగ్గుతో ముఖం ఎర్రబడాలని ఆయన చెప్పేవాడు. ఆయనకు కొడుకులున్నారు, వాళ్లూ నటులే అయ్యారు. అంటే అయమే చెప్పేది సహజ స్వభావం గురించి కాదు, ఇరవైనాలుగ్గంటల సాధన గురించి. ఆ సాధనలో వ్యక్తి కనుమరుగైపోవాలి. తోరీల బొమ్మల్లో జరిగిందీ అదే.

ఈ వ్యక్తి లేని బొమ్మలు బజారులో చేసిన పని మాత్రం చిన్నది కాదు. 1741లో సానోగావా ఇచిమాత్సు అనే యువ నటుడు ఎడోలో ఒక నాటకంలో గళ్ల బట్ట కట్టాడు. కుర్రాళ్ల వేషాలూ ఆడవేషాలూ రెండూ కట్టే మనిషి. ఇషికావా తొయోనోబు, ఒకుమురా మసనోబు లాంటివాళ్లు ఆ గళ్లతో సహా ఆయన్ని అచ్చువేశారు. ఆ గళ్లకు ఆయన పేరే స్థిరపడింది. 2020 టోక్యో ఒలింపిక్స్ చిహ్నంలో కనబడిన గళ్లు ఆ గళ్లే. రెండవ సెగావా కికునోజో పేరుమీద ఒక పచ్చని గోధుమరంగు చలామణి అయింది. ఐదవ ఇవాయ్ హాన్షిరో కూరగాయల వ్యాపారి కూతురు ఓషిచి వేషంలో కట్టిన లేతనీలి చుక్కల బట్టకు హాన్షిరో పేరొచ్చింది. ఊళ్లో ఆడవాళ్లు ఏ కొప్పు పెట్టుకోవాలో, ఏ రంగు కట్టాలో మగ నటులు నిర్ణయించారు, ఆ నిర్ణయాన్ని ఇల్లిల్లూ తిప్పింది అచ్చుబొమ్మ. రంగుల బొమ్మ ఖరీదు దాదాపు ఇరవై మోన్, ఒక గిన్నెడు సోబా సేమ్యా కంటే కాస్త ఎక్కువ. ఇక ఆడవాళ్ల బొమ్మలు గీసేవాళ్లు ఆ వీధుల్లో తిరిగే ఆడవాళ్లను చూసే గీశారు. ఎవరిని చూసి ఎవరు ఆడతనం నేర్చుకున్నారో తేల్చడం అప్పటికే కష్టమైపోయింది.

ముఖం ప్రవేశించింది 1770 ప్రాంతంలో. అంతకు ఐదేళ్ల ముందు సుజుకి హారునోబు చేతిలో పూర్తి రంగుల ముద్రణ స్థిరపడింది. కత్సుకావా షున్షో, ఇప్పిత్సుసాయ్ బుంచో అనే ఇద్దరు కలిసి 1770లో నటుల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చారు. పేజీ పేజీకి ఒక విసనకర్ర, దాని మీద ఒక నటుడి ముఖం. చిహ్నం తీసేసినా మనిషిని గుర్తుపట్టవచ్చు. ఇక్కడ ఇద్దరి మధ్యా తేడా చూడాలి. మగ పాత్రల దగ్గర షున్షో ముక్కు వంకరనూ దవడ వెడల్పునూ వదలడు. ఆడవేషాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. ముక్కు కాస్త పొడుగు, గడ్డం కాస్త గుండ్రం, అంతే. బుంచో ఒన్నగతల మీదే ఎక్కువ మనసు పెట్టినవాడు. రెండవ కికునోజోను పదే పదే గీశాడు. ఆ బొమ్మల్లో మెడ వంపు, వేళ్ల ముడుపు దగ్గరే మనిషి తెలిసిపోతాడు. ముఖంలో కాకుండా ఒంటి తీరులో పోలిక పట్టడం బుంచో విద్య. ఆయనకు దక్కవలసిన పేరు దక్కలేదని నా ఫిర్యాదు.

తోషూసాయ్ షరకు దగ్గర ఆగకుండా ముందుకు పోలేం. 1794 మే నెలలో ఊడిపడి, పది నెలల్లో నూట నలభైకి పైగా బొమ్మలు ఇచ్చి మాయమైన మనిషి. ప్రచురణకర్త త్సుతయా జూజాబురో. ఎడోలోని మూడు పెద్ద నాటకశాలలూ అప్పుల్లో మూతబడి, వాటి బదులు ప్రత్యామ్నాయ శాలలు ఆడుతున్న ఏడాది అది. మొదటి విడతలో ఇరవై ఎనిమిది అర్ధాకృతులు వచ్చాయి, అన్నింటి వెనుకా ముదురు అభ్రకపు మెరుపు. అందులో ఆడవేషాలు ఉన్నచోటే షరకు ఏం చేశాడో బాగా తెలుస్తుంది.

మూడవ సెగావా కికునోజో జబ్బుపడ్డ భార్య ఓషిజు వేషంలో ఉన్నాడు. తలకు కట్టిన ఊదారంగు పట్టీ రోగానికి గుర్తు. నలభై మూడేళ్ల మనిషి. బుగ్గ కింద బరువు దిగింది, గడ్డం దగ్గర కండ కూడింది. నోరు మాత్రం పాత్ర కోసం చిన్నదిగా ముడుచుకుని ఉంది. నాలుగవ ఇవాయ్ హాన్షిరో దాది షిగెనోయ్ వేషంలో, చేతిలో తాయెత్తు సంచి పట్టుకుని కనిపిస్తాడు. కన్నకొడుకును కొడుకని పిలవలేని తల్లి ఆ పాత్ర. హాన్షిరోది గుండ్రటి బుగ్గల ముఖం, ఊరంతా ఆ బుగ్గలకు ముద్దుపేరు పెట్టుకుంది. షరకు ఆ బుగ్గల్ని తగ్గించలేదు. దుఃఖాన్ని ఆ నిండు ముఖంలోనే ఇమిడ్చాడు. మరో బొమ్మలో రెండవ సెగావా తోమిసాబురో, నకమురా మాన్‌సేయి పక్కపక్కన ఉన్నారు. ఒకరు యజమానురాలు, ఒకరు దాసి. ఒకరిది ఎండిన కోలముఖం, ఒకరిది ఉబ్బిన బూరెముఖం. ఇద్దరూ మగాళ్లేనన్నది ఒక్క క్షణం కూడా మరవనివ్వడు, ఇద్దరూ ఆ నాటకంలోని స్త్రీలేనన్నదీ మరవనివ్వడు.

ఇది వెక్కిరింపు అని చాలాకాలం చెప్పారు. నటుల్ని మరీ ఉన్నదున్నట్టు గీయబోయి వికృతంగా చేశాడని, అందుకే ఎక్కువ కాలం నిలవలేదని ఆ కాలపు రచయిత ఓతా నాంపో రాసిన మాట అందరికీ ఆధారం. 1910లో జర్మన్ పండితుడు యూలియస్ కుర్త్ పుస్తకం రాశాక ఐరోపా ఈయన్ని మహా చిత్రకారుల వరసలో కూర్చోబెట్టింది. అక్కడ కూడా పొగడ్త అంతా వ్యంగ్యం పేరు మీదే నడిచింది. ఆ బొమ్మల ముందు నిలబడితే వెక్కిరింపు కంటే గౌరవం ఎక్కువ కనిపిస్తుంది నాకు. నలభై దాటిన మగ శరీరం ఒక యువతి దుఃఖాన్ని మోస్తోంది. ఆ మోత ఎంత కష్టమో చూపించినవాడు నటుణ్ని తక్కువ చేసినట్టా? అయితే అభిమానికి కావలసింది ఆ కష్టం కాదు. అదే ఏడాది ఉతగావా తొయోకుని నిలువెత్తు నటుల బొమ్మల వరుస మొదలుపెట్టాడు. పోలిక ఉంటుంది, వయసు ఉండదు. వచ్చే డెబ్భై ఏళ్లు తొయోకుని దారే గెలిచింది. నటుల ప్రతిష్ఠ మీద ఆధారపడి బతకనని ఆడవాళ్ల బొమ్మలకే అంకితమైన ఉతమారో ఈ పోటీకి బయటే ఉండిపోయాడు.

తొయోకుని శిష్యుడు కునిసాద గీసిన బొమ్మల సంఖ్య వేలల్లో ఉంటుంది. ఆ రాశిలో తాలు కూడా చాలా ఉంది. ఒక్కో నటుడికి ఒక్కో సూత్రం కట్టి, ఏ పాత్రకైనా అదే ముఖం అతికించిన సందర్భాలు లెక్కలేనన్ని. దీన్ని దిగజారుడు అనేవాళ్లతో నేను ఏకీభవించను, ఎందుకంటే ఆనాటి నాటకమే ఆ పని అడిగింది. 1813లో నాలుగవ త్సురుయా నాంబోకు రాసిన ఓసోమే కథా నాటకంలో ఐదవ ఇవాయ్ హాన్షిరో ఏడు పాత్రలు వేశాడు. ప్రేయసి ఓసోమే, ప్రియుడు హిసమాత్సు, నాటు మాటలాడే దుష్టురాలు ఓరోకు కూడా ఆయనే. వేషం మారే వేగమే వినోదం. ఏడు వేషాల కింద ఒక్క ముఖాన్ని పోల్చుకోవడంలోనే చప్పట్లున్నాయి. వెయ్యి బంగారు నాణేలు చేసే కళ్లని హాన్షిరో కళ్లకు పేరు. కునిసాద ఆ కళ్లను ఎప్పుడూ వదల్లేదు. ఓరోకు లాంటి మొరటు పాత్రల వల్ల ఇంకో మేలు జరిగింది: ఒన్నగత బొమ్మలోకి మోకాలు బయటపెట్టి కూర్చునే ఆడది, పళ్లు కొరికే ఆడది వచ్చారు. అయమే చూస్తే మూర్ఛపోయేవాడు.

ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఈ బొమ్మలను ఫోటోల్లా చదవడం ప్రమాదం. నాటకం మొదలయ్యే రోజుకు అంగట్లో ఉండాలని ప్రచురణకర్తలు ముందుగానే అచ్చువేయించేవారు. ఏ నటుడికి ఏ పాత్ర దక్కిందో తెలుసు, ఏ బట్ట కడతాడో ఊహ. కొన్నయితే ఎప్పుడూ ఆడని నాటకాలకు ఊహలోనే పాత్రలు పంచి గీసినవి. పైగా బొమ్మ ఒక్కరి చేతి పని కాదు. చిత్రకారుడు గీత ఇస్తాడు. విగ్గు నుదుటిని కలిసే చోట వెంట్రుక వెంట్రుకనూ చెక్కేది చెక్కుడు పనివాడు, పనివాళ్లలో ఆరితేరినవాడికే ఆ చోటు అప్పగించేవారు. తెల్లపొడి ముఖం మీద రంగే లేకుండా ఒత్తిడితో గీత తేల్చేది ముద్రించేవాడు. ఆడవేషపు ముఖం తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది గానీ బొమ్మ మొత్తంలో కష్టమంతా అక్కడే ఉంది.

1842లో సంస్కరణల పేరుతో నటుల బొమ్మలు, వేశ్యల బొమ్మలు నిషేధించారు. నాటకశాలలను అప్పటికే ఊరి అంచుకు, అసాకుసా వైపు తరిమేశారు. కొన్నేళ్లకు పట్టు సడలినా పేర్లు వేయడానికి ప్రచురణకర్తలు వెనుకాడారు. కునిసాద 1852లో ఎడో నుంచి క్యోటోకు వెళ్లే తొకైదో దారిలోని మజిలీలకు ఒక్కో నటుణ్ని జతచేస్తూ తెచ్చిన వరుసలో నటుల పేర్లు లేవు. అయినా జనం ఎగబడి కొన్నారు. అందులో అప్పటికే చనిపోయిన నటులూ ఉన్నారు, వాళ్లనూ గుర్తుపట్టారు. పేరు పెట్టనివ్వని చట్టం పోలికను పదును పెట్టింది. ఆడవేషాల విషయంలో ఇది మరీ నిజం. అంతకు ముందు చిహ్నం మీద వాలిన భారమంతా కనుబొమ మీద, ముక్కు కొస మీద పడింది.

1868తో మొదలైన మెయిజీ కాలపు బొమ్మల్ని కొట్టిపారేయడం ఒక అలవాటు. దిగుమతి రసాయన ఎరుపు కళ్లు పొడుస్తుందని, తొయోహరా కునిచికా ముప్పేటల బొమ్మలు అరుస్తాయని అంటారు. నిజమే. కానీ ఆ కాలంలో ఒన్నగత జీవితంలో జరిగినది పక్కన పెడితే ఆ అరుపు అర్థం కాదు. మూడవ సవామురా తానోసుకే 1845లో పుట్టాడు, ఇరవై దాటకముందే ఎడోలో ఆడవేషాలకు మొదటివాడయ్యాడు. ఆయన పేర కొప్పు, కాలరు, చెక్క చెప్పులు అమ్ముడయ్యాయి. కాలు కుళ్లడం మొదలైతే 1867లో యోకొహామాలో అమెరికన్ వైద్యుడు హెప్‌బర్న్ దాన్ని తీసేశాడు. అమెరికా నుంచి చెక్కకాలు తెప్పించుకుని తానోసుకే మళ్లీ వేషం కట్టాడు. జబ్బు రెండో కాలినీ చేతులనూ తినేసింది. 1878లో పోయాడు. ఆడవేషపు కిమోనోలో కాళ్లు ఎలాగూ కనిపించవు కాబట్టి అచ్చుబొమ్మ ఆయన్ని ఎప్పటిలాగే నిలబెట్టగలిగింది. నటుణ్ని దాచి పాత్రను చూపడం ఇక్కడ సౌందర్య నియమం కాదు, దయ. కాసింత వ్యాపారమూ.

తానోసుకే ఒక్కడే కాదు. ముఖానికి పూసే తెల్లపొడిలో సీసం ఉండేది. 1887లో చక్రవర్తి సమక్షంలో కబుకి ఆడినప్పుడు నాలుగవ నకమురా ఫుకుసుకే కాలు ఆగకుండా వణికింది, ఆ తర్వాతే సీసం లేని పొడి కోసం వెతుకులాట ఊపందుకుంది. అచ్చుబొమ్మల్లో కాగితపు తెలుపుగా మిగిలిన ఆ ముఖం, రంగస్థలం మీద మనిషిని మెల్లగా చంపిన విషం.

అదే ఫుకుసుకే తర్వాత ఐదవ నకమురా ఉతాయెమోన్ అయి, 1926లో నతోరి షున్సెన్ బొమ్మలో తిరిగి కనిపిస్తాడు. కోట కూలిపోతుంటే పిచ్చిదానిలా చూసే యొదొగిమి వేషం అది. అప్పటికి నటీమణులు రంగస్థలం ఎక్కారు, పత్రికలు ఫోటోలు వేస్తున్నాయి. బొమ్మ చౌక వస్తువుగా మిగలలేదు, సేకరించేవాళ్ల కోసం వతనాబే షోజాబురో ఖరీదైన కాగితం మీద తెచ్చే వస్తువైంది. 1923 భూకంపంలో తన చెక్కలన్నీ కాలిపోయినా వతనాబే మళ్లీ మొదలుపెట్టాడు. షున్సెన్ 1925 నుంచి 1929 వరకు ఆయన కోసం ముప్పై ఆరు ముఖాలు గీశాడు. యమమురా కోకా అంతకుముందే పన్నెండు బొమ్మల వరుస ఇచ్చాడు. ఈ ఇద్దరిలో కోకాకే నా ఓటు. షున్సెన్ ముఖాలు అద్భుతంగా చెక్కినవే, కంటి చుట్టూ పూసిన గులాబీ ఛాయ చూస్తే చెయ్యి తాకాలనిపిస్తుంది. అయితే అందరూ ఒకే అద్దం ముందు కూర్చున్నట్టు ఉంటారు. కోకా పక్కకు తిప్పిన తలతో, కోసేసిన చట్రంతో నటుడి ఊపిరి పట్టుకుంటాడు.

ఇక త్సురుయా కోకేయి. 1978 నుంచి 2000 వరకు టోక్యోలోని కబుకిజా కోసం గీత, చెక్కడం, ముద్రణ అన్నీ తానే చేసుకున్నాడు. ఉల్లిపొర లాంటి గాన్‌పి కాగితం మీద అచ్చువేసి, కూర్పు పూర్తికాగానే చెక్కను పాడుచేసేవాడు. ముసలి ఆరవ ఉతాయెమోన్ పదహారేళ్ల రాకుమారి వేషంలో ఉంటే, కోకేయి ముడతలూ గీస్తాడు, రాకుమారినీ గీస్తాడు. షరకు వదిలేసిన చోటు నుంచి అందుకున్నవాడు ఇన్నాళ్లకు ఒక్కడు దొరికాడనిపిస్తుంది.

గత కొన్నేళ్లుగా చర్చ జెండర్ వైపు తిరిగింది. 2016లో టొరొంటోలోని రాయల్ ఒంటారియో మ్యూజియం, ముంగురుల కుర్రాళ్లను మూడో జెండర్‌గా చూపే ప్రదర్శన పెట్టింది. అదే ఏడు మాకి ఇసాకా ఒన్నగతల మీద ఒక పుస్తకం రాసింది, ఆడతనం అన్నదే అక్కడ నేర్చుకుని తయారుచేసుకునేదని వాదిస్తూ. ఆ ప్రశ్నలు రావలసినవే. కాకపోతే కుర్రతనం ఒక వయసు, ఒన్నగత ఒక వృత్తి. తండ్రి నుంచి కొడుక్కి పేరుతో సహా దిగే వృత్తి. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే నలభై మూడేళ్ల కికునోజో బుగ్గ బరువు మళ్లీ కనపడకుండా పోతుంది.

ఇక మిగిలిన పెద్ద పని ఒసాకాది. టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో 1928లో వెలిసిన త్సుబౌచి నాటక మ్యూజియంలో నలభై వేలకు పైగా నటుల బొమ్మలు ఉన్నాయి. నాటకశాలల పాత కరపత్రాలతో పోల్చి ఏ బొమ్మ ఏ ప్రదర్శనదో తేల్చే పద్ధతి బాగా ముదిరింది. ఆ పరిశ్రమ ఫలితంలో ఎక్కువ భాగం ఎడోకే దక్కింది. ఒసాకా బొమ్మలు దాదాపు అన్నీ నటులవే. గీసినవాళ్లలో చాలామంది వృత్తి చిత్రకారులు కారు, నాటకాల పిచ్చివాళ్లు. అక్కడి ర్యూకోసాయ్ జొకేయి 1784లోనే నటుల బొమ్మల పుస్తకం తెచ్చాడు, షరకు రావడానికి పదేళ్ల ముందు. ఆయన ఆడవేషగాళ్ల దవడలు మగ దవడలే, ముక్కులు ఎవరివి వాళ్లవే, పొగడ్త కోసం ఒక్క గీతా మెత్తబడదు. అయమే ఆ ఊళ్లో కూడా ఆడాడు, కియోమోతో బయల్దేరిందీ అక్కడినుంచే. షరకును ఆకాశం నుంచి ఊడిపడ్డ మేధావిగా చెప్పే కథను ఒసాకా వైపు నుంచి ఎవరైనా తిరగరాయాలి. ర్యూకోసాయ్ ప్రభావం షరకు మీద పడిందన్న వాదన కొందరు చేసే ఉన్నారు. ఆ ఇద్దరి ఒన్నగత బొమ్మల్ని వరసగా పేర్చి చూపించే ప్రదర్శన ఎవరైనా పెడితే, వాదన ఎంతవరకు నిలుస్తుందో కళ్లతోనే తేల్చుకోవచ్చు.